గడ్డపు నురగ చల్లారకుండా: చేతితో చేసిన స్కటిల్‌లలో ఏది మేలు?

బ్రష్షుతో, సబ్బుతో గడ్డం గీసుకునే అలవాటున్న వారికి, అందులోనూ ఒకే చోట రెండు మూడు సార్లు రేజరు ఆడించేవారికి, చలికాలంలో ఒక ఇబ్బంది తప్పదు. మొదటిసారి ముఖానికి పట్టించిన నురగ వెచ్చగా, హాయిగా ఉంటుంది. మూడోసారికి అదే గిన్నెలోని నురగ చల్లబడి, చెంపకు తగలగానే ఒళ్లు జలదరిస్తుంది. ఈ ఇబ్బందిని తీర్చడానికి కెనడా, అమెరికా కుమ్మరులు కొందరు సారెపై తీర్చి అమ్ముతున్న పాత్రనే షేవింగ్ స్కటిల్ అంటారు. ధర మామూలు గిన్నె కంటే చాలా ఎక్కువ. ఒక్కొక్కరిది ఒక్కో ఆకారం. అందువల్ల ఏది తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు, పాత్ర అందం కంటే ముందు మనం నురగ ఎక్కడ చేసుకుంటామన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

స్కటిల్ అన్న పేరు పాతదే కాని, అది చేసే పని మారింది. 19వ శతాబ్దపు ఇంగ్లండు, అమెరికా ఇళ్లలో వాడిన స్కటిల్ చూడడానికి మన కొమ్ముచెంబును పోలి ఉండేది. కుళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చే రోజులు కావు కనుక వంటింట్లో కాచిన నీళ్లను దాని పొట్టలో నింపుకునేవారు. వెడల్పాటి కొమ్ములో బ్రష్షును ముంచి తడిపి, పైన చిల్లులున్న చిన్న పళ్లెంలోని సబ్బుపై రుద్దేవారు. మిగిలిన నీళ్లు ఆ చిల్లుల గుండా తిరిగి పొట్టలోకి జారేవి. అంటే అది బ్రష్షుకు వేడినీళ్లు అందించే పాత్రే తప్ప, నురగను వెచ్చగా ఉంచే పాత్ర కాదు. 1903లో జిలెట్ సేఫ్టీ రేజరు అమ్మకానికి వచ్చింది. 1919లో బ్రష్షు అక్కరలేని బార్బసాల్ క్రీము, 1950ల నాటికి డబ్బా నొక్కితే వచ్చే నురగ వచ్చాయి. వీటితో బ్రష్షుతో పాటు ఆ పాత్ర కూడా అటకెక్కింది. ఇప్పుడు పురాతన వస్తువుల దుకాణాల్లో దొరికే అటువంటి పింగాణీ స్కటిల్‌లను కొని రోజూ వాడడాన్ని నేను సమర్థించను. వాటిలో చాలా వాటి మెరుగు పూతపై వెంట్రుక వాసి పగుళ్లు పడి ఉంటాయి, ఆ పగుళ్లలో తేమ, సబ్బు మురికి చేరుతాయి. పైగా ఆ కాలపు పూతల్లో సీసం వాడకం మామూలు విషయం. అలమరలో పెట్టుకోవడానికి అవి చక్కని వస్తువులు, అంతవరకే.

నేటి చేతి స్కటిల్ రెండు గోడల పాత్ర. కుమ్మరి లోపలి గిన్నెను, బయటి పొట్టను విడివిడిగా సారెపై లేపి, మట్టి కొంచెం ఆరి గట్టిపడ్డాక రెంటినీ అతికి ఆవంలో కాలుస్తాడు. రెండు గోడల మధ్య ఖాళీలోకి పక్కనున్న కొమ్ము గుండా వేడినీళ్లు పోస్తే, లోపలి గిన్నెలోని నురగకు అడుగు నుంచీ చుట్టూ నుంచీ వేడి తగులుతుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చిన వాటిలో కెనడాలోని నోవా స్కోషియాలో తయారైన మాస్ స్కటిల్ ముఖ్యమైనది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు జార్జ్‌టౌన్ పాటరీ, అలాగే డర్టీ బర్డ్ పాటరీ అన్న తయారీదారుల పేర్లు కూడా బ్రష్షు షేవింగ్ ప్రియులకు పరిచితమే. పేర్లు ఎన్ని ఉన్నా, ఆకారాన్ని బట్టి చూస్తే ఇవన్నీ రెండే జాతులు: ఇరుకు మూతివి, వెడల్పు మూతివి.

ఇరుకు మూతి స్కటిల్‌లో లోపలి గిన్నె, బ్రష్షు తల సరిగ్గా ఒదిగేంత గుంటలా ఉంటుంది. సబ్బును బ్రష్షుకు రుద్దుకుని నేరుగా ముఖం మీదే నురగ తీసేవారికి దీన్ని మించినది లేదు, ఎందుకంటే ఒకసారి ముఖానికి పట్టించి, రేజరు ఆడిస్తున్నంతసేపూ బ్రష్షును ఆ గుంటలో నిలబెడితే, వెంట్రుకల మధ్య దాగిన నురగ వెచ్చగానే ఉంటుంది. మూతి చిన్నది కనుక పైనుంచి పోయే వేడి కూడా తక్కువ. అదే గుంటలో బ్రష్షు తిప్పి నురగ చేయబోతే మాత్రం చేతికి చోటు చాలదు, నురగ అంచుల మీదుగా పొంగి పిడి మీద కారుతుంది.

వెడల్పు మూతి రకం దీనికి తిరగబడినది. గిన్నె అడుగున చెక్కిన గీతలకు బ్రష్షు రాసుకోవడంతో నురగ త్వరగా గాలి పట్టి చిక్కబడుతుంది. గిన్నెలోనే నురగ చేసే అలవాటున్నవారు దీన్నే తీసుకోవాలి. అయితే మూతి వెడల్పయిన కొద్దీ నురగ పైభాగం గాలికి చల్లారుతుంది. అడుగున మరీ వేడి తగిలితే నురగలోని నీరు ఆవిరై, అది పొడిబారి బుడగలుగా విరిగిపోతుంది. ముఖానికి హాయినిచ్చేది గోరువెచ్చదనానికి కాస్త ఎక్కువ వేడి మాత్రమే, మరిగే వేడి కాదు. నేను ఇరుకు మూతి, వెడల్పు మూతి రెండూ వాడి చూశాను. ముఖం మీదే నురగ తీసే అలవాటు కనుక చివరికి నా చేతికి ఇరుకు మూతిదే అమరింది.

ఏ రకం కొన్నా చాలామంది నిరాశపడేది ఒకే విషయంలో. నీళ్లు వేడిగానే పోశాం, నురగ మాత్రం వెచ్చబడలేదంటారు. లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. అర కిలో బరువున్న పాత్ర 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు అందులో 80 డిగ్రీల నీళ్లు 200 మిల్లీలీటర్లు పోస్తే, పాత్ర తన వంతు వేడిని లాగేసుకుని, రెండూ కలిసి సుమారు 61 డిగ్రీల దగ్గర నిలుస్తాయి. మంచు పడే ఊళ్లలో స్నానాల గది 15 డిగ్రీలుంటే అది 57కు దిగుతుంది. అందుకే ముందు పాత్రను కుళాయిలోని వేడినీళ్లతో నింపి, రెండు మూడు నిమిషాలు ఆగి పారబోసి, అప్పుడు మళ్లీ వేడినీళ్లు పోయాలి. సలసల కాగే నీళ్లను చల్లని పాత్రలో ఒక్కసారిగా పోస్తే అతుకు దగ్గర పగలవచ్చు. నా మొదటి స్కటిల్ అలాగే పోయింది, తప్పు పూర్తిగా నాది. కాగే నీళ్లు బ్రష్షు వెంట్రుకలకూ, వాటిని పట్టి ఉంచే జిగురుకూ మంచివి కావు.

మట్టి రకాన్ని మన ఇళ్లలోని రెండు పాత్రలతోనే గుర్తుపట్టవచ్చు. వేసవిలో కుండ నీటిని చల్లబరచడానికి కారణం, తక్కువ వేడిలో కాల్చిన మట్టిలోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, ఆవిరై, తనతో పాటు వేడిని తీసుకుపోవడం. నురగ వెచ్చగా ఉండాలనుకునే చోట ఆ గుణమే శత్రువవుతుంది. ఆవకాయ జాడీ అలా కాదు, 1200 డిగ్రీలకు పైగా కాలి రాయిలా బిగుసుకున్న స్టోన్‌వేర్. అందులోని నూనె బయటికి ఊరదు. మంచి స్కటిల్‌లు ఈ జాడీ జాతివే. పింగాణీది ఇంకా పలుచగా, తేలికగా, చూడముచ్చటగా ఉంటుంది కాని, వేడిని పట్టి ఉంచడంలో మందపాటి స్టోన్‌వేర్‌తో సమానం కాదు. కనుక పాత్ర కొనేటప్పుడు, పూత పడని అడుగు భాగం మీద నీటి చుక్క వేసి చూడండి. అది వెంటనే ఇంకిపోతే ఆ మట్టి సరిగా కాలలేదని అర్థం.

ఇంత ఖర్చు పెట్టని మార్గమూ ఉంది. పెద్ద గిన్నెలో వేడినీళ్లు పోసి, అందులో బరువైన చిన్న గిన్నెను ఉంచి నురగ చేసుకుంటే స్కటిల్ చేసే పనిలో చాలా భాగం జరుగుతుంది. గిన్నె తేలడం, కదలడం దీనిలోని లోపం. రాజమండ్రిలోనో వరంగల్‌లోనో ఉండేవారికి, ఏడాదిలో నాలుగైదు వారాల పాటే ఉదయాలు చలిగా ఉండే చోట, ఇదే చాలు. విదేశాల నుంచి స్కటిల్ తెప్పించుకోవడం వృథా అని నా గట్టి అభిప్రాయం. టొరంటోలోనో షికాగోలోనో స్థిరపడినవారికి మాత్రం రెండు గోడల స్కటిల్ అయిదారు నెలలు రోజూ ఉపయోగపడుతుంది.

కొనే ముందు కొమ్మును తప్పక గమనించాలి. కొమ్ము మరీ సన్నమైతే నీళ్లు పోసేటప్పుడు గాలి అడ్డుపడి చిమ్ముతాయి, పారబోసేటప్పుడు కొంత నీరు లోపలే మిగులుతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ ఖాళీలో సున్నం పేరుకుంటుంది, అక్కడికి చెయ్యి వెళ్లదు. నెలకొకసారి వెనిగర్ కలిపిన నీళ్లు పోసి ఓ గంట ఉంచి కడిగితే అది కరిగిపోతుంది. రోజూ వాడాక మాత్రం నీళ్లన్నీ వంపేసి, కొమ్ము కిందికి ఉండేలా బోర్లించి ఆరబెట్టాలి.