ఉత్సవం ఉచితం, లాడ్జి మాత్రం 4,800

వైకల్యం ఉన్నవాళ్ల కోసం గోవాలో ఏటా జరిగే పర్పుల్ ఫెస్ట్ అనే ఉత్సవానికి 2025 అక్టోబరులో వెళ్లాం. నేను, మా ఏడేళ్ల పాప, వీల్‌చెయిర్‌లో తిరిగే మా తమ్ముడు. ఉత్సవం 9 నుంచి 12 దాకా. సికింద్రాబాద్ నుంచి వాస్కో రైలెక్కాం. థర్డ్ ఏసీలో వాడికి 75 శాతం రాయితీ, తోడుగా వెళ్లినందుకు నాకూ అంతే. రైలు ప్రయాణం హాయిగానే గడిచింది.

తెల్లవారకముందే మడగావ్‌లో దిగి, 1,800 ఇచ్చి టాక్సీలో పణజి చేరాం. లాడ్జి ముందు దిగగానే నా గుండె జారింది. 'వీల్‌చెయిర్‌కి అనుకూలం' అని చూసి రాత్రికి 2,400 చొప్పున రెండు రాత్రులకు ముందే కట్టేశాను. తీరా చూస్తే గుమ్మం ముందు నాలుగు మెట్లు, వాటిమీద ఏటవాలుగా వేసిన అయిదడుగుల చెక్క. అదే ర్యాంపట! అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలి. రెండడుగుల ఎత్తుకు ఇరవై నాలుగు అడుగులన్నమాట. ఆ చెక్క మీద బండి ఎక్కిస్తే వెనక్కి తిరగబడడం ఖాయం.

"మా కుర్రాళ్లు ఎత్తేస్తారు మేడమ్" అన్నాడు కౌంటర్ దగ్గరి మనిషి.

"నేనేమన్నా బియ్యం బస్తానా అక్కా?" అన్నాడు తమ్ముడు. మూడు రోజుల్లో వాడు గొంతు పెంచింది అప్పుడొక్కసారే.

సరే, ఎలాగో లోపలికి వెళ్లాం. బాత్రూమ్ తలుపు దగ్గర బండి ఇరుక్కుపోయింది. నా చున్నీతో కొలిచి చూశాను. బండి కంటే తలుపే రెండు వేళ్లు తక్కువ. డబ్బు వెనక్కి ఇమ్మంటే 'రూల్ ఒప్పుకోదు' అన్నారు. వేరే చోట కింది అంతస్తు గది 3,600కి దొరికింది. ఒక్క రాత్రికి! రెండు రాత్రులూ అక్కడే.

ఇంత చికాకుతో ఉత్సవానికి వెళ్తే, అక్కడ పైసా టికెట్ లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. వేదిక మీద మాట్లాడేవాళ్ల పక్కనే సైగల భాషలో చెప్పేవాళ్లు నిలబడ్డారు. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడిస్తారని పాప పట్టేసింది. ఆ తర్వాత దోసె వచ్చినా అదే, బస్సు కనబడినా అదే. మా పక్కన కూర్చున్నామె కొడుక్కి తలసీమియా. అదీ వైకల్యాల జాబితాలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, 2016 చట్టం 21 చేసింది. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం మేం పడ్డ తిప్పలు వినగానే తనవీ ఏకరువు పెట్టింది.

మధ్యాహ్నం తమ్ముడు కనబడలేదు. ఫోన్ ఎత్తడు. నాకు టెన్షన్. సాయంత్రం అయిదింటికి నలుగురు కొత్త స్నేహితులతో బండి తోసుకుంటూ వచ్చి, "ఎందుకక్కా అంత కంగారు?" అన్నాడు. ఇంట్లోనైతే వీధి చివరి దాకా వెళ్లాలన్నా వాడికి నేనో, నాన్నో తోడుండాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు నా మాట ఒక్కటే: వెబ్‌సైట్‌లో పెట్టిన వీల్‌చెయిర్ బొమ్మను నమ్మకండి. బాత్రూమ్ తలుపుకు టేపు పెట్టి ఫొటో తీసి పంపమని అడగండి. వచ్చే ప్రయాణం కోసం ఆరు లాడ్జీలను అడిగాను. పంపింది ఒక్కరే. 30 అంగుళాలు. అక్కడే బుక్ చేశాను.