నల్లోడి ముళ్ల బెల్టు: ఎనిమిది నెలలు వాడాక

మాది భాకరాపేట దగ్గర, శేషాచలం అడవి అంచున. నూటపది జీవాలున్నాయి, రాత్రి కాపలా అంతా నల్లోడిదే. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నప్పుడు హిమాచల్ నుంచి రెండు నెలల పిల్లగా తెచ్చిన గద్ది కుక్క (అక్కడి కాపరులు మందల కాపలాకు పెంచే జాతి) వాడు, ఇప్పుడు 42 కిలోలు. వచ్చిన రోజు నుంచే దొడ్డిలో గొర్రెపిల్లల మధ్య పడుకోబెట్టాం, అందుకే వాటిని తనవాళ్లనుకుంటాడు. మందను తోలడం వీడికి రాదు, అది వేరే రకం కుక్కల పని. వీడు మందకూ అడవికీ మధ్యలో పడుకుంటాడు, అలికిడైతే లేచి మొరుగుతూ ఎదురెళ్తాడు.

చిరుత పట్టేది గొంతునే. హిమాచల్ కాపరులు కుక్కల మెడకు ఇనప ముళ్ల పట్టీ వేస్తారని తమ్ముడు చెప్తే ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. పైకి బాగానే ఉంది, కానీ అంతా రెక్సిన్, ముళ్లేమో స్క్రూలతో బిగించినవి. నెలకే నాలుగు ఊడిపోయాయి. లోపల స్క్రూ తలలు ఒరుసుకుని పుండు పడింది, వాడి బొచ్చు ఒత్తు కదా, మేము గమనించేసరికి పురుగులు కూడా పట్టాయి. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రిలో బొచ్చు తీసి, కడిగి మందేశారు. ఆ మెడ చూసి నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత చిత్తూరులో తోలు పని చేసే ఒక పెద్దాయనతో చేయించాను, 1,400 అయింది. పురికొసతో మెడ కొలిచి ముడేసి తీసుకెళ్తే, ఆయన దానికి రెండు వేళ్ల సందు కలిపాడు. మూడంగుళాల వెడల్పు, మందం గేదె తోలు, మేకులు లోపలి నుంచి బయటికి కొట్టి, వాటి తలలు తగలకుండా లోపల మెత్తటి మేక తోలు కుట్టాడు. నేను చెప్పలేదు, ఆయనే ఆలోచించి చేశాడు!

కార్తీకంలో ఒక రాత్రి నల్లోడి అరుపే మారిపోయింది. టార్చి పట్టుకుని పరిగెత్తాం, ఏమీ కనపడలేదు. తెల్లారి చూస్తే రెండు మేకులు వంగున్నాయి, తోలు మీద లోతుగా పళ్ల గాటు. వచ్చింది చిరుతో మరొకటో తెలీదు. వాడి మెడ మీద మాత్రం గీత కూడా లేదు.

లోపం ఒక్కటే, బకిల్ ఇనపది, వానలకు తుప్పు పట్టింది. ఇత్తడిది వేయించుకోండి. తోలుకు పదిహేను రోజులకోసారి ఆముదం రాయాలి. పగలు మాత్రం తప్పకుండా తీసేయండి, మాకు ఎండ సంగతి ఒకటైతే, మా పాప వాడి మెడ మీద తల పెట్టుకుని పడుకుంటుంది. ఎండాకాలం బొచ్చు గొరిగించమని చాలామంది అంటారు, వద్దు, ఆ బొచ్చే చర్మానికి ఎండ తగలకుండా కాపాడేది. నీడ, నీళ్లు ఉంటే చాలు.

2025లో గద్ది దేశీ జాతిగా నమోదయ్యాక పిల్లలు దొరుకుతాయా అని టౌను నుంచి కూడా అడుగుతున్నారు. అపార్ట్‌మెంటులో అయితే దయచేసి తీసుకోకండి, రాత్రంతా మొరగడమే వాడి డ్యూటీ. మంద ఉన్నవాళ్లయితే ముందు బెల్టు చేయించి పెట్టుకోండి, కొలత మాత్రం రెండేళ్లు నిండి మెడ ఎదిగాక ఇంకోసారి తీసుకోవాలి.