మూడు గడుల పుస్తకం కోసమైనా తీసుకోవాల్సిన శిక్షణ

హన్మకొండలో ఆడపిల్లల హోములో కేర్‌టేకర్‌గా పనిచేస్తున్నాను. ప్రవర్తన సమస్యలున్న పిల్లలను చూసుకునే సిబ్బందికి ఇచ్చే ఈ శిక్షణ తీసుకుని రెండేళ్లు దాటింది. పాఠాల జాబితా చెప్పను, ఎక్కడైనా అవే ఉంటాయి. నాకు ఈ రోజుకీ పనికొస్తున్నది మూడు గడుల పుస్తకం. గొడవకు ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత మనం ఏం చేశాం. అంతే. ‘ఊరికే’, ‘మొండితనంతో’, ‘కావాలని’ అని రాయకూడదు. కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే రాయాలి.

మా దగ్గర ఒక పాప రాత్రిపూట చేతికందినది విసిరేది, పక్కవాళ్లను కొరికేది. (ఆమె గురించి ఇంతకు మించి చెప్పను. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది.) టీవీ కట్టేసినందుకని ఒకరం, కూర నచ్చకనని ఒకరం అనుకునేవాళ్లం. వేర్వేరు ఆయాలు రాసిన పేజీలు పక్కపక్కన పెట్టి చదివితే, మొదటి గడిలో ప్రతిసారీ ఉన్నది ఒక్కటే: వరండా గ్రిల్లుకు గడియ వేసిన చప్పుడు. అది ఆమెకు ఏం గుర్తుచేస్తుందో మేము తవ్వలేదు, అది కౌన్సెలర్ పని. గడియకు గుడ్డ చుట్టాం. వేసే ముందు పాపకు చెప్పడం మొదలుపెట్టాం, ఇష్టమైతే తననే వేయమన్నాం. గొడవలు పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గాయి. ఆ పేజీలు ఆమె వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో చేరాయి. ఆయా రాసిన వాక్యాన్ని డాక్టరు ఆగి మళ్లీ చదవడం చూసి నా కడుపు నిండిపోయింది.

పిల్లలు చేయి చేసుకున్నప్పుడు శాంతింపజేసే పాఠాన్ని కూడా కొత్తలో అందరి దగ్గరా మెచ్చుకున్నాను. బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేస్తే ఊపిరి ఆగే ప్రమాదముందని అక్కడే తెలిసింది. ఆ మాట ప్రతి హోములోనూ చెప్పాలి. అయితే ఒకరు పాపతో మాట్లాడుతుంటే ఇంకొకరు మిగతా పిల్లలను బయటికి తీసుకెళ్లాలన్నారు. రాత్రి డ్యూటీలో మేము ఉండేది ఒక్కరమే. ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేయాలో ఒక్క గంటైనా నేర్పలేదు.

మాది చిన్న హోము, సూపరింటెండెంటు వారం వారం పుస్తకం చదువుతారు కాబట్టి మాకు పనికొచ్చింది. చదివేవాళ్లు లేనిచోట ఇంత ఫలితం ఉంటుందని చెప్పలేను. మీ దగ్గరా రాత్రిపూట ఒక్కరే ఉంటే, శిక్షణలో చేరే ముందే ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేయాలో చెప్పే పాఠం ఉందో లేదో అడగండి.