మోకాలు, బట్టలు, నడక: ఐదేళ్ళు వాడాక ఇంగ్లీషు–స్లోవాక్ నిఘంటువు గురించి

స్లోవాకియాలో జిలినా అనే ఊరికి వచ్చి ఐదేళ్ళు దాటింది. కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. వచ్చిన వారంలోనే ఇంగ్లీషు నుంచి స్లోవాక్‌కు ఉండే చిన్న జేబు నిఘంటువు కొన్నాను. అట్ట ఊడితే టేపు వేసి ఇప్పటికీ వాడుతున్నాను. ఫోన్‌లో ఒక అనువాద యాప్ కూడా ఉంది. రెండింటి పేర్లూ చెప్పను. నేను చెప్పబోయే ఇబ్బంది ఏ ఒక్క పుస్తకానిదో యాప్‌దో అనుకోవడం లేదు. ఇంగ్లీషును మధ్యలో పెట్టుకుని స్లోవాక్ నేర్చుకుంటే ఎవరికైనా ఎదురయ్యేదే.

కూరగాయలు, సామాన్లు, బ్యాంకు కాగితాలు, బస్సు టికెట్లు – వీటికి నా నిఘంటువు చక్కగా పనిచేసింది. అక్కడ ఏ ఫిర్యాదూ లేదు. ఒళ్ళు, బట్టలు, నడక దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి వదిలేసింది. ఆ సంగతి నాకు మోకాలు బెణికిన రోజు తెలిసింది.

తెర్ఖొవా అనే ఊరి పక్కన యానోషిక్ పేరుతో పిలిచే లోయలున్నాయి. 1688లో అక్కడ పుట్టిన ఆ దారిదోపిడీ వీరుడు ఇక్కడివాళ్ళకు కథల్లో, పాటల్లో ఇంకా బతికే ఉన్నాడు. వాగు పక్కనే నిచ్చెనలు, గొలుసులు పట్టుకుని ఎక్కాలి, దిగాలి. దిగేటప్పుడు తడిరాయి మీద కాలు జారింది, మోకాలు మెలి తిరిగింది. రెండు రోజుల తర్వాత ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చీటీ మీద ‘అంబులన్త్సియ’ అని ఉంటుంది, కంగారు పడకండి. ఇక్కడ ఆ మాటకు డాక్టరుగారు చూసే గది అని అర్థం. మనం అంబులెన్స్ అనే బండిని వీళ్ళు ‘సనిత్క’ అంటారు.

లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మ అన్న మొదటి మాట ‘విహృన్‌త్యె సి నొహవిత్సు’. నా నిఘంటువులో ప్యాంటుకు ‘నొహవిత్సె’ అని ఉంది. ఆ ఒక్క ముక్క తెలిసి, ప్యాంటు తియ్యమంటున్నారేమోనని చాలా టెన్షన్ పడ్డాను. నర్సు వచ్చి నా ప్యాంటు అంచు పట్టుకుని మోకాలి పైదాకా మడిచింది. ఆమె అడిగింది అంతే. ‘నొహవిత్సె’ బహువచనం, మొత్తం ప్యాంటు. ‘నొహవిత్స’ ఏకవచనం, ప్యాంటులో ఒక కాలు. నిఘంటువు బహువచనం ఇచ్చి ఊరుకుంది.

తర్వాత పెద్ద పొరపాటే జరిగింది. మోకాలు కదలడం లేదని చెప్పాలి. ఇంగ్లీషులో కదలడానికీ ఇల్లు మారడానికీ ఒకటే మాట. యాప్‌లో పొట్టిగా కొట్టాను, అది ఇచ్చిన ‘స్త్యహొవత్ స’ పట్టుకుని చెప్పేశాను. ఆ మాటకు ఇల్లు మారడం ఒక అర్థం, కండరం బిగుసుకోవడం ఇంకో అర్థం. నా మోకాలు ఇల్లు మారడం లేదని ఎవరూ అనుకోరు కదా, అందుకే ఆమె రెండోది తీసుకున్నారు. కండరాల గురించి, తిమ్మిర్ల గురించి వరసగా ప్రశ్నలు. పది నిమిషాల తర్వాత ఆమె తన మణికట్టునే అటూ ఇటూ ఆడించి ‘హీబె స?’ అని అడిగారు. కదులుతుందా అని. నాకు కావలసిన మాట అదే, ‘హీబత్ స’. ఒంటి నొప్పి చెప్పుకునే చోట ఇలాంటి తేడా చిన్నదేమీ కాదు.

ఆ రాత్రి నొప్పికి నిద్ర పట్టక, ఒక నోటుపుస్తకం తీసి స్లోవాక్ మాటల పక్కన నేరుగా తెలుగు రాయడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ ఎంత చుట్టుతిరుగుడు దారిలో నడిచానో.

మొదట ఒళ్ళు. ఇంగ్లీషులో కాలికి రెండు మాటలు, చేతికి రెండు మాటలు. స్లోవాక్‌లో ‘నొహ’ అంటే తొడ నుంచి వేళ్ళ దాకా మొత్తం కాలే, ‘రుక’ అంటే మొత్తం చెయ్యే. అచ్చం మనలాగే! పాదం అని విడిగా చెప్పాలంటే ‘ఖొద్యిద్లొ’ ఉంది. నొహ నుంచి నొహవిత్సె, రుక నుంచి చేతి తొడుగులు ‘రుకవిత్సె’, చొక్కా చెయ్యి ‘రుకావ్’. మనం కూడా చొక్కా చేతులు మడుచుకున్నాడనే అంటాం.

మోకాలు ‘కొలెనొ’. మోకాళ్ళు ‘కొలెనా’. దీర్ఘం తీసేసి ‘కొలెన’ అంటే మోకాలి యొక్క అని అర్థం మారిపోతుంది. ఇంగ్లీషు అలవాటుతో చదివితే అక్షరం మీది ఆ గీత కంటికే ఆనదు. అదే తెలుగు లిపిలో రాసుకుంటే మరచిపోయే వీలే లేదు. పొకృచ్‌త్యె అంటే మడవండి, అందులోది మన ఋ-కారమే. మోకాలి చిప్పను వీళ్ళు చిన్న ఆపిల్ అంటారు, ‘యబ్‌ౡచ్కొ’. చిన్నప్పుడు అక్షరమాలలో చదివి మళ్ళీ ఎక్కడా వాడని ఆ ౡ నా పుస్తకంలో మోకాలి చిప్ప దగ్గర కూర్చుంది. అది రాసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

‘పొ కొలెనా’ అంటే మోకాళ్ళ దాకా. లంగా పొ కొలెనా, మంచు పొ కొలెనా. బట్ట పొడుగుకు ఒక మాట, లోతుకు ఇంకో మాట అని ఇంగ్లీషు నిఘంటువు రెండు చోట్ల వెతికించింది. మనకు మోకాళ్ళ దాకా పావడా అయినా, మోకాళ్ళ దాకా నీళ్ళు అయినా ఒకటే కదా.

బట్టలు వేసుకోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇంగ్లీషులో చొక్కా, చెప్పులు, టోపీ, కళ్ళజోడు అన్నిటికీ ఒకే మాటతో సరిపెడతారు. నిఘంటువు దానికి నాలుగైదు స్లోవాక్ మాటలిచ్చి, ఏది దేనికో చెప్పకుండా వదిలేసింది. బట్టలకు ‘ఒబ్లియెత్స్త్ సి’, కాలికి వేసుకునేవాటికి ‘ఒబుత్ సి’, టోపీకీ కళ్ళజోడుకీ ‘నసద్యిత్ సి’, టైకి ‘ఉవియజత్ సి’. తెలుగువాళ్ళకు ఇది వింతేమీ కాదు. చీర కట్టుకుంటాం, గాజులు తొడుక్కుంటాం, టోపీ పెట్టుకుంటాం, దుప్పటి కప్పుకుంటాం. చివరనున్న ఆ ‘సి’ ఏమిటో నాకు మొదటి ఏడాదంతా అర్థం కాలేదు. అది మన ‘-కొను’. బిడ్డకు తొడిగితే సి ఉండదు, మనం తొడుక్కుంటే సి వస్తుంది. వ్యాకరణ పుస్తకంలో మూడు పేజీలు చదివినా ఎక్కనిది ఈ ఒక్క పోలికతో ఎక్కింది.

ప్రస్తుతం ఏం వేసుకున్నామో చెప్పడానికి ‘మత్ న సెబె’ అంటారు, అంటే ఒంటి మీద ఉండటం. రోజూ వేసుకునే అలవాటైతే ‘నొసిత్’. ఈ నొసిత్‌కే మోసుకెళ్ళడం అనే అర్థం కూడా ఉంది.

ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు ఇంకొకటి తెలిసింది. మోకాళ్ళ మీద ఉండిపోవడం ‘క్ల్యచత్’, మోకాళ్ళ మీదికి దిగడం ‘క్ల్యక్నూత్ సి’. నా నిఘంటువులో మొదటిదే ఉంది. గుంజిళ్ళను ‘ద్రెపి’ అంటారు, అవి రెండు నెలలు తీయొద్దన్నారు. గొంతుక్కూర్చోవడానికి ‘చుపియెత్’ అని విడిగా మాట ఉంది. పల్లెలో పెరిగిన నాకు ఆ మాట దొరకడం చాలా ఆనందం.

ఇప్పుడు నా పద్ధతి ఇది. పేర్లకు జేబు నిఘంటువు. క్రియలు వస్తే బ్రాటిస్లావాలోని ల్యుదొవీత్ ష్టూర్ భాషాశాస్త్ర సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన నిఘంటువులు. 1843లో తోటివాళ్ళతో కలిసి నేటి స్లోవాక్‌కు రూపమిచ్చిన ష్టూర్ పేరే ఆ సంస్థకు పెట్టారు. అందులో ఇంగ్లీషు లేదు, అంతా స్లోవాక్‌లోనే. మొదటి ఏడాదిలో పనికిరాదు. రెండో ఏడాది నుంచి అంతకంటే మంచిది నాకు దొరకలేదు. ఏ మాట పుస్తకాలది, ఏ మాట నోటిది అని గుర్తులు పెట్టి చెబుతుంది. ఆ తర్వాత నా తెలుగు నోటుపుస్తకం. అది ఇప్పుడు నూట నలభై పేజీలు అయింది.

తెలుగు అన్నిటికీ ఆదుకుంటుందని మాత్రం చెప్పను. ఇప్పుడు వెళ్తున్నానంటే ‘ఇద్యెమ్’, రోజూ వెళ్తుంటానంటే ‘ఖొద్యీమ్’. ఈ రెండూ నాకు ఇంకా తారుమారవుతూనే ఉన్నాయి. ‘పొత్య’ అయితే మరీనూ. మన చెవికి అది పొమ్మన్నట్టే వినిపిస్తుంది, అర్థం మాత్రం రా అని. పై అంతస్తులో ఒక ముసలమ్మ ఉంది. నా మోకాలి సంగతి తెలిసినప్పటి నుంచి మెట్ల దగ్గర నన్ను చూస్తే చాలు, తలుపు తెరిచి, నా కోసం ఇంట్లో వేసుకునే చెప్పులు గుమ్మంలో పెట్టి, ‘పొత్య, పొత్య’ అని పిలుస్తుంది. ఐదేళ్ళయినా ఆ మాట చెవిన పడగానే నా కాలు ఒక్క క్షణం మెట్టు మీదే ఆగుతుంది. ఆ తర్వాత ఎక్కి వెళ్తాను.