జాగ్రత్త: ‘ఇంజన్ పని మొత్తం చేయించాం’ అని పాత ట్రాక్టర్ అమ్ముతుంటే, ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి

పాత ట్రాక్టర్ కొనాలనుకుంటున్నవాళ్లకీ, ఉన్నదాన్ని బాగుచేయించాలా వదిలించుకోవాలా అని తేలక సతమతమవుతున్నవాళ్లకీ ఈ పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

నాకు బండి అమ్మినాయన “ఇంజన్ పని మొత్తం చేయించాం, ఇంక మీరు చేయి పెట్టక్కర్లేదు” అన్నాడు. కొన్న కొద్ది రోజులకే లోడ్ మీద ఆయిల్ ప్రెషర్ పడిపోవడం మొదలైంది. బ్రీదర్ పైపులోంచి (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) పొగ ఉబికి వచ్చేది. ఇప్పుడు ఇంజన్ విప్పి ఉంది. లోపల ఏముందో కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

హెడ్ (ఇంజన్ పైమూత) తీశాక లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం) పైఅంచు దగ్గర వేలిగోరు పెట్టి కిందనుంచి పైకి లాగాను. గోరు టక్కున ఆగింది. పిస్టన్ పై రింగు పైకీ కిందికీ రాసుకుని లోహం అరిగిపోయినచోటికి సరిగ్గా పైన ఆ మెట్టు పడుతుంది. లైనర్లు కొత్తవైతే అక్కడ మెట్టు ఉండదు, గోడ మీద ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే సన్నని హోనింగ్ గీతలు (ఆయిల్ నిలవడానికి మెషీన్‌తో వేసేవి) కనిపించాలి. ఇక్కడ గోడ అద్దంలా నున్నగా ఉంది. అంటే అరిగిపోయిన లైనర్లలోనే కొత్త రింగులు వేసి మూసేశారు. కొత్త రింగు ఆ మెట్టుకు తగిలితే విరిగే ప్రమాదం కూడా ఉంది. అది ఇంకా పెద్ద నష్టం.

తర్వాత కింద సంప్ (ఆయిల్ ఉండే తొట్టి) విప్పాం. క్రాంక్‌ను (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) పట్టుకునే బేరింగు షెల్ తీసి వెనక్కి తిప్పితే సైజు ముద్ర ఉంటుంది. నా బండి షెల్స్ మీద 1.00 అని ఉంది. క్రాంక్‌ను గ్రైండింగ్ మెషీన్ మీద అరగదీసినప్పుడల్లా సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల చొప్పున సన్నం చేస్తూ వస్తారు: 0.25, 0.50, 0.75, 1.00. చాలా ఇంజన్లకు 1.00 దాటితే షెల్సే దొరకవు. అలాంటి క్రాంక్ మీద మళ్లీ గీతలు పడి ఉన్నాయి. ఇక దాన్ని అరగదీయడానికి చోటు లేదు, కొత్త క్రాంక్ వేయాల్సిందే. రిపేరు లెక్క మొత్తం తలకిందులైంది ఇక్కడే. రింగులు, లైనర్లతో పోతుందనుకున్న పని క్రాంక్ దాకా వెళితే అది వేరే స్థాయి ఖర్చు.

మరి కొనేటప్పుడు ఇవన్నీ ఎందుకు బయటపడలేదు? బయటపడకుండా చేశారు కాబట్టి. సంప్‌లో పోసింది ఆ ఇంజన్‌కు చెప్పిన గ్రేడు ఆయిల్ కాదు. మరీ చిక్కటిది, డిప్‌స్టిక్ ఎత్తితే తేనెలా సాగింది. చిక్కటి ఆయిల్ అరిగిన సందుల్లోంచి త్వరగా జారిపోదు. గేజ్ మీద ప్రెషర్ బాగా చూపిస్తుంది, చప్పుడు తగ్గిస్తుంది, పొగ కూడా కొంత అణిగినట్టు ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కి ఆయిల్ పలచబడ్డాకే అసలు రంగు తెలుస్తుంది. అందుకే పది నిమిషాలు తిప్పి చూపిస్తామంటే ఒప్పుకోకండి. నాగలో రోటవేటరో తగిలించి అరగంట, వీలైతే గంట లోడ్ మీద నడపమని అడగండి. తర్వాత స్లోలో పెట్టి ప్రెషర్ చూడండి. ఒరిజినల్ గేజ్‌ను నమ్మకండి, బయటి గేజ్ తగిలించి చూడటం మెకానిక్‌కు చిన్న పని.

బండి చూడటానికి వెళ్లేముందే “మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని చెప్పండి. వెళ్లగానే ముందు ఇంజన్ బ్లాకు మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆరోజు బేరం ఆపి, చల్లారాక మళ్లీ రండి. నేను వెళ్లినప్పుడు బ్లాకు వేడిగానే ఉంది. “ఇప్పుడే పొలం నుంచి వచ్చింది” అన్నారు. చల్లని ఇంజన్ స్టార్ట్ అయ్యే తీరే చాలా విషయాలు చెప్పేస్తుంది: సెల్ఫ్ ఎంతసేపు కొట్టాలి, మొదటి పొగ ఏ రంగులో వస్తుంది, ఆ పొగ ఎంతసేపటికి ఆగుతుంది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూడండి. గాలి కొద్దిగా రావడం మామూలే. పొగ దమ్ముదమ్ముగా ఎగదన్నితే రింగులూ లైనర్లూ పోయాయని అనుమానించండి.

కొత్త పెయింట్ చూసి మాత్రం అస్సలు లొంగకండి. గ్రీజు మీదా, రబ్బరు పైపుల మీదా పెయింట్ ఉందంటే అది బాగుచేసిన బండి కాదు, అమ్మకానికి ముస్తాబు చేసిన బండి. ఇంజన్ నిజంగా విప్పారంటే బిల్లులు ఉండాలి, లేత్ వర్క్‌షాప్ వాళ్లు రాసిచ్చిన కొలతలు ఉండాలి. తీసిన పాత లైనర్లు, పిస్టన్లు ఏవని అడగండి. ఏదీ చూపించలేకపోతే ఇంజన్ పని జరగలేదనే లెక్క వేసుకుని ధర మాట్లాడండి. అవర్ మీటర్‌ను కూడా సాక్ష్యంగా తీసుకోకండి. మార్చడం, వైరు పీకేయడం కష్టమేం కాదు.

ఇంజన్ ఒక్కటే చూసి తేల్చుకోవడం ఇంకో ప్రమాదం. వెనక భాగం పాడైతే ఇంజన్ మీద పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే. దిగుడులో గేరు వేసి యాక్సిలరేటర్ వదిలి చూడండి, గేరు జారి న్యూట్రల్‌లోకి వస్తే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. బరువైన పనిముట్టును లిఫ్ట్‌తో పైకెత్తి ఇంజన్ ఆపండి. చూస్తుండగానే దిగిపోతుంటే హైడ్రాలిక్‌లో లోపల లీకేజీ ఉంది. ఇంజన్ నడుస్తుండగా పైకెత్తిన పనిముట్టు ఉండుండి కుదుపుతున్నా కారణం అదే. ముందు చక్రాలను జాకీతో లేపి ఊపితే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) బుష్‌ల సంగతి తెలుస్తుంది. క్లచ్ ప్లేటు పెద్ద వస్తువు కాకపోయినా, దాన్ని మార్చాలంటే ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ విడదీయాలి. సామాను కన్నా కూలి ఎక్కువయ్యే పని అది.

ఇక రిపేరు విషయానికొస్తే, చూడగానే “ఇంజన్ దింపాలి” అనే వర్క్‌షాప్ దగ్గర కూడా అంతే జాగ్రత్తగా ఉండండి. నల్లపొగకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమే కారణం కావచ్చు. స్టార్ట్ కాకపోవడం బ్యాటరీ వైర్ల వల్లో, డీజిల్ లైన్లో గాలి వల్లో కావచ్చు. తెల్లపొగ సమస్య డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గరే తేలిపోవచ్చు. సంప్‌లో ఆయిల్ మట్టం దానంతటదే పెరుగుతుంటే డీజిల్ కలుస్తోందేమో చూడాలి, డీజిల్ అందించే ఫీడ్ పంపులోని డయాఫ్రమ్ (పలచని పొర) పోయినా అలా అవుతుంది. ఇవన్నీ చూశాక, ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్ టెస్ట్ (లోపల గాలి ఎంత ఒత్తిడితో నిలుస్తోందో కొలవడం) చేయించి, అంకెలు కాగితం మీద రాయించుకున్నాకే విప్పడానికి ఒప్పుకోండి. ఒకసారి ముక్కలు ముక్కలుగా షెడ్డులో పడ్డాక ఆ బండిని ఇంకోచోటికి తీసుకెళ్లడం ఎంత కష్టమో నాకిప్పుడు బాగా తెలుసు. వాళ్లు ఎంతంటే అంతకు తలూపాల్సిన పరిస్థితి వస్తుంది.

పొగ వస్తున్న ప్రతి ఇంజన్‌నూ విప్పక్కర్లేదని కూడా చెప్పాలి. ఏడాదిలో కొద్ది గంటలే తిరిగే బండి, ప్రెషర్ బాగుండి ఆయిల్ కాస్త తాగుతోందంటే, పోస్తూ వాడుకోవడమే మేలు. కానీ ఆయిల్ పాలలా తెల్లబడినా, వేడెక్కాక స్లోలో ప్రెషర్ దాదాపు సున్నాకు పడిపోయినా ఇంకో గంట కూడా నడపకండి. మొదటిది ఆయిల్లో నీళ్లు కలుస్తున్న గుర్తు. హెడ్ గ్యాస్కెట్, లైనర్ ఓ-రింగులు, హెడ్డులోనో బ్లాకులోనో పగులు, వీటిలో ఏదైనా కావచ్చు. రెండోది బేరింగులు గానీ, క్రాంక్ గానీ, ఆయిల్ పంపు గానీ పోతోందన్న గుర్తు.

నేనిప్పుడు వేసుకుంటున్న లెక్క ఇది: ఇంజన్, వెనక భాగం, టైర్లు అన్నీ కలిపి అయ్యే ఖర్చు ఒకవైపు, అంతా బాగయ్యాక అదే మోడల్ బండి పలికే ధర ఇంకోవైపు. ఖర్చు ఆ ధరలో సగం దాటితే నేను వెనక్కి తగ్గుతాను. ఆ మోడల్‌కు సామాన్లు ఇంకా సులువుగా దొరుకుతున్నాయా లేదా అన్నది కూడా ఇందులో చూడాలి, సీజన్‌లో ఒక్క ముక్క కోసం బండి వారాలు ఆగిపోతే ఆ నష్టం ఏ బిల్లులోనూ కనపడదు. నా బండి గేర్‌బాక్స్, క్రౌన్ (వెనక చక్రాలను తిప్పే పెద్ద గేరు) బాగున్నాయి కాబట్టి క్రాంక్ ధర తెలిసేదాకా ఆగాను.

మీ ఇంజన్ కూడా ఇప్పటికే విప్పి ఉంటే, లైనర్ కిట్‌కు అడ్వాన్స్ కట్టేముందు రెండు పనులు చేయించండి. క్రాంక్‌ను మైక్రోమీటర్‌తో కొలిపించండి, బ్లాకునూ హెడ్డునూ పగుళ్ల కోసం ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఆ ఫలితాలు వచ్చేదాకా ఒక్క సామాను కూడా కొననివ్వకండి.