కర్ర హ్యాంగ్‌బోర్డు: అనంతపురం గుండ్ల నుంచి స్పితి మంచు దాకా

అనంతపురం చుట్టుపక్కల గుండ్లు ఎక్కేవారికి వేళ్ల బలం కంటే ముందు వేళ్ల చర్మం అయిపోతుంది. ఎండకూ వానకూ అరిగిన ఇక్కడి గ్రానైట్ బండల మీద క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు మొనలు తేలి ఉంటాయి. చిన్న పట్టుల మీద ఒక ఉదయం కష్టపడితే చాలు, వేలికొసలు ఎర్రబడి, మర్నాడు వేడి టీ గ్లాసు పట్టుకోవడం కూడా ఇబ్బంది అవుతుంది. చర్మం మళ్లీ గట్టిపడే దాకా బండను తాకలేము. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు దొరికే చల్లని కాలమే తక్కువ. అందులో ఈ మధ్య రోజులన్నీ శిక్షణ లేకుండా పోతే సగం చలికాలం చేజారినట్టే. ఆ మధ్య రోజుల కోసం తెచ్చుకున్న కర్ర హ్యాంగ్‌బోర్డును గడిచిన చలికాలమంతా, దానికి ముందరి చలికాలంలోనూ వాడాను. నా దగ్గరున్న శిక్షణ సామగ్రిలో ఒక్కదాన్నే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. అయితే ఇది ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో తెలిసి కొనాలి.

హ్యాంగ్‌బోర్డు అంటే తలుపు పైన గోడకు బిగించుకొని, వేళ్లతో పట్టి వేలాడుతూ బలం పెంచుకునే పలక. నాది సుమారు 60 సెంటీమీటర్ల పొడవున ఒకే చెక్కలో చెక్కినది. అందులో చెయ్యి మొత్తం పట్టే లోతైన పట్టులు, 20 మిల్లీమీటర్ల లోతున్న అంచులు, అంతకంటే సన్నని అంచులు, రెండు వేళ్లు మాత్రమే దూరే గుంతలు, పైభాగాన ఏటవాలుగా ఉండే స్లోపర్లు ఉన్నాయి. కర్ర బోర్డులు చాలావరకు ఇదే తరహాలో వస్తాయి. అందువల్ల కొనేవారు కంపెనీ పేరు కంటే కర్ర కావాలా, రెసిన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం) కావాలా అన్నది ముందు తేల్చుకోవడం మంచిది. స్నేహితుని ఇంట్లో రెసిన్ బోర్డు కూడా కొంతకాలం వాడి చూశాను. దాని గరుకుదనం వల్ల పట్టు సులువుగా దొరుకుతుంది, కానీ ఆ గరుకు కూడా చర్మాన్నే తింటుంది. వారాంతంలో బండ, వారం మధ్యలో రెసిన్ అంటే వేలికొసలకు విశ్రాంతే ఉండదు. నున్నని కర్ర చర్మాన్ని దాదాపు తాకనట్టే ఉంటుంది. నున్నగా ఉన్నందువల్ల జారకుండా ఉండటానికి వేళ్లే ఎక్కువ పని చేయాలి, ఆ పని కోసమే కదా దాని ముందు నిలబడేది!

కర్ర మీద వేళ్లకు సాధన ఇవ్వడం పాత పద్ధతే. జర్మనీకి చెందిన క్లైంబర్ వుల్ఫ్‌గాంగ్ గ్యూలిక్ 1988లో న్యూరెంబర్గ్‌లోని ఒక జిమ్‌లో ముందుకు వాలిన పలకకు కర్ర మెట్లు బిగించి, కాళ్లు తగలకుండా చేతులతోనే పైకి ఎగబాకే సాధన మొదలుపెట్టాడు. 1991లో జర్మనీలోని ఫ్రాంకెన్‌యూరా కొండల్లో 'యాక్షన్ డిరెక్ట్' అనే బండ మార్గాన్ని ఎక్కడానికి అతని వేళ్లు సిద్ధమైనది ఆ మెట్ల మీదే. నేను మాత్రం ఆ ఎగబాకే సాధనకు పోను. కదలకుండా వేలాడటంలో వేళ్ల మీద పడే భారం ముందే తెలుస్తుంది, తగ్గించుకోవడమూ పెంచుకోవడమూ మన చేతిలో ఉంటాయి. హ్యాంగ్‌బోర్డులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

వేలాడటంలో నేను అనుసరించే విధానాలు రెండు. మొదటి దానిలో 20 మిల్లీమీటర్ల అంచు మీద 10 సెకన్లు వేలాడి, కనీసం మూడు నిమిషాలు పూర్తిగా ఆగి, మళ్లీ పడతాను. ఇది బలం కోసం. రెండోదానిలో 7 సెకన్లు పట్టి 3 సెకన్లు వదులుతూ ఒక నిమిషం సాగుతాను. ఇది ముంజేయి త్వరగా బిగుసుకుపోకుండా ఓర్పు పెంచడానికి. రెండు సాధనల మధ్య కనీసం 48 గంటల విరామం తప్పనిసరి. ఎందుకంటే వేలిని ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి, వేలిలో ఉండేవి స్నాయువులు, వాటిని ఎముకకు అదిమి పట్టే చిన్న కట్లు మాత్రమే. రక్తప్రసారం తక్కువ కాబట్టి అవి కండరం బలపడినంత వేగంగా బలపడవు. ఎక్కేవారికి తరచుగా దెబ్బతినేది ఉంగరపు వేలి మొదటి కణుపు దగ్గరి కట్టు. వేళ్లను పూర్తిగా మడిచి బొటనవేలితో అదిమి పట్టే పద్ధతిలో దాని మీద భారం మరీ ఎక్కువ. అందుకే బోర్డు మీద నేను సగం మడిచిన పట్టునూ, వేళ్లు చాచిన పట్టునూ మాత్రమే వాడతాను. చలికాలం మొదట్లో పూర్తి బరువు వేయకుండా, పైకప్పు కొక్కేనికి ఒక గిలక తగిలించి, తాడు ఒక కొస నడుము పట్టీకి, మరో కొస ఇసుక నింపిన క్యానుకు కట్టి, శరీరం బరువులో కొంత తగ్గించుకున్నాను. ఇసుకను కొద్దికొద్దిగా తీసేస్తూ పోతే వేళ్లు ఎంత బలపడ్డాయో తూకం వేసి చూసుకోవచ్చు. ఇంత స్పష్టమైన కొలత బండ మీద దొరకదు, ఎందుకంటే అక్కడ గాలి తేమ, ఎండ, బూటు రబ్బరు, ఆ పూట చర్మం ఉన్న తీరు అన్నీ లెక్కలోకి వస్తాయి.

బండ మీద ఫలితం అన్నిచోట్లా ఒకేలా లేదు. అనంతపురం నుంచి రాయదుర్గం వైపు ఉన్న గుట్టల్లో నిటారుగానో, కొంచెం ముందుకు వాలిగానో ఉన్న గుండ్ల మీద తేడా వెంటనే తెలిసింది. నాలుగు వేళ్ల కొసలు మాత్రమే ఆనే పలుచని పట్టుల మీద నిలబడి, తర్వాతి పట్టును తొందర లేకుండా చూసుకోగలిగాను. బళ్ళారి మీదుగా హంపికి వెళ్లినప్పుడూ ఇదే అనుభవం. అంతకుముందు చర్మం పట్టుకున్నా వేళ్లు తెరుచుకుపోయిన చోట్ల ఈసారి వేళ్లు నిలిచాయి. కడప జిల్లా గండికోట ప్రాంతపు రాయి వేరు. అది పొరలు పొరలుగా ఉన్న క్వార్ట్జైట్, పట్టులు చదునుగా అంచు తీరి, బోర్డు మీది అంచులకు చాలా దగ్గరగా ఉంటాయి. అక్కడ సాధన నేరుగా అక్కరకు వచ్చింది. పొరల మధ్య కదిలే రాళ్లు ఉంటాయి కాబట్టి ప్రతి పట్టునూ తట్టి చూడటం మాత్రం బోర్డు నేర్పని పని. ఒక మాట చెప్పక తప్పదు: గుత్తి, గండికోట, హంపి వంటి చోట్ల రక్షిత కట్టడాల గోడల మీదా, వాటిని ఆనుకొని ఉన్న బండల మీదా చాక్ పొడి (చెమటకు జారకుండా రాసుకునే తెల్లపొడి) చేతులు పెట్టకూడదు. ఎక్కడానికి వేరే గుండ్లు కావలసినన్ని ఉన్నాయి.

ఇక మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే నున్నని ఏటవాలు బండల మీద, అంటే స్లాబుల మీద, హ్యాంగ్‌బోర్డు వల్ల నాకు చెప్పుకోదగ్గ లాభం కలగలేదు. అక్కడ అరచేయి ఊతం మాత్రమే, భారమంతా పాదాలది. చలి ఉదయం రబ్బరు గట్టిగా ఉండి స్ఫటికాల అంచులను పట్టుకుంటుంది, చేతులకు చెమట పట్టదు. మడమ కిందికి దించి, బరువు బూటు మీద వేసే ధైర్యం బండ మీదే రావాలి.

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు ప్రయాణం దీనికి భిన్నమైన పరీక్ష. శీతాకాలంలో కుంజుమ్ కనుమ మూసుకుపోతుంది కనుక శిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితిలోని కాజా ఊరు చేరాలి. 3,600 మీటర్లకు పైన ఉన్న చోటు, ఊపిరికి అలవాటయ్యే దాకా ఆగి, అప్పుడు గడ్డకట్టిన జలపాతాల దగ్గరికి వెళ్లాలి. మంచు ఎక్కడంలో వేలికొసల పని దాదాపు లేదు. ఐస్ యాక్స్ పిడిని నాలుగు వేళ్లతో చుట్టి పట్టుకోవాలి, చేయి మడిచి ఒంటిని దగ్గరగా ఆపుకుంటూ రెండో చేత్తో కొట్టాలి. భారం కాళ్లదే. 1908లో ఆస్కర్ ఎకెన్‌స్టయిన్ రూపొందించిన పది ముళ్ల క్రాంపాన్లకు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ల చట్రాలకు) 1929లో లారెంట్ గ్రివెల్ ముందు ముళ్లు జోడించిన తర్వాతే నిటారు మంచు మీద మెట్లు తవ్వకుండా నిలబడటం వీలైంది. ఆ ముందు ముళ్ల మీద నిలిచినప్పుడు ముందుగా అలసేవి పిక్కలు. 20 మిల్లీమీటర్ల అంచు మీది నా సాధన అక్కడ కొద్దిగానే ఉపయోగపడింది. లోతైన పట్టుల మీద చేయి మడిచి ఆగే సాధన, ఒక గట్టి కొక్కేనికి తాళ్లతో కట్టిన ఇనుప పైపు ముక్కలను పిడికిట పట్టి వేలాడటం మాత్రం బాగా పనికొచ్చాయి. చలికి మొద్దుబారిన వేళ్లలోకి రక్తం తిరిగి వచ్చేటప్పుడు పుట్టే ఆ తీవ్రమైన మంటకు ఏ బోర్డూ సిద్ధం చేయలేదు. ఐస్ యాక్స్ కొనను కర్ర బోర్డు అంచు మీద వేసి వేలాడాలని ఎవరికైనా అనిపిస్తే ఆ పని చేయవద్దు, అంచు చీలిపోతుంది. స్పితి పొడి చలికి పగిలిన వేలికొసలతో తిరిగి వచ్చిన తర్వాత, గ్రానైట్‌ను తాకే వీలులేని రోజుల్లో మళ్లీ ఈ కర్రే ఆదుకుంది.

లోపాలూ ఉన్నాయి. మన వేసవికి కర్ర ఎండి కుంచించుకుపోతుంది. మే నెలాఖరుకు నా బోర్డు మరలు వదులయ్యాయి, ఒక చివర నార వెంబడి సన్నని చీలిక కనిపించింది. అది పెరగలేదు, అయినా ప్రతి సాధనకు ముందు మరలు తిప్పి చూసే అలవాటు చేసుకున్నాను. వార్నిష్ వేయకూడదు, వేస్తే జారుతుంది; తడిగుడ్డ పెట్టకూడదు; పేరుకున్న చాక్ పొడిని మెత్తని బ్రష్‌తో దులిపితే చాలు. రెండు వేళ్ల గుంతలు నాకు అక్కరకు రాలేదు, మన రాళ్లలో అలాంటి పట్టులు అరుదు. బిగింపు మరో తలనొప్పి. ఇటుక గోడకు నేరుగా మరలు వేయకుండా, ముందు మందపాటి ప్లైవుడ్ పలకను యాంకర్ బోల్టులతో బిగించి, దాని మీద బోర్డు పెట్టాలి. గోడ నమ్మదగినది కాకపోతే వెల్డింగ్ షాపులో ఇనుప చట్రం చేయించుకోవడం మేలు.

దిగుమతి బోర్డు ధర భారమనుకునేవారు మంచి వడ్రంగి చేత టేకు చెక్కతో చేయించుకోవచ్చు. 20 మిల్లీమీటర్ల అంచు ఒకటి, లోతైన పట్టు ఒకటి ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది. అంచులను గుండ్రంగా తీసి సన్న ఉప్పుకాగితంతో రుద్దించాలి, పదునుగా వదిలేస్తే వేలి కణుపుల్లో నొప్పి మొదలవుతుంది. ఎక్కడం ఈ ఏడాదే మొదలుపెట్టినవారికి ఇది అవసరం లేదు, వారి వేళ్లకు బండే చాలినంత పని. ఎదిగే వయసు పిల్లలకైతే అసలు వద్దు, వేలి ఎముకల్లో ఇంకా గట్టిపడని ఎదుగుదల భాగాలు ఈ భారానికి విరిగే ప్రమాదం ఉంది. వాళ్లను సెలవు రోజు ఉదయం గుట్ట దగ్గరికి తీసుకెళ్లి, కింద పడినా దెబ్బ తగలకుండా క్రాష్ ప్యాడ్ (మందపాటి పరుపు) పరిచి, పెద్ద పట్టులున్న గుండ్ల మీద ఆడుకోనివ్వండి.