శాన్ ఫ్రాన్సిస్కోకి పదిహేడున్నర గంటలే అంటే నమ్మకండి

అనంతపురంలో అమెరికా టికెట్లు చేసే ఏజెంట్ దగ్గరికి పోయేవాళ్ళు ఇది చదివి పోండి. పేరు రాయడం లేదు. టికెట్లు చేయించుకున్నవాళ్ళకు ఎవరో అర్థమవుతుంది.

చెల్లెలికి కాన్పు. అమ్మ ఒక్కతే వెళ్ళాలి. 64 ఏళ్ళు, షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఎక్కువసేపు కూర్చోలేదు, డబ్బు ఎక్కువైనా సరే తక్కువ టైమ్ పట్టేది చూడమన్నాను. 22 వేలు ఎక్కువ పెట్టించి ఒకటి చూపించాడు. తెల్ల కాగితం మీద పెన్నుతో రాశాడు: బెంగళూరులో సోమవారం తెల్లవారుజామున 4కి ఎక్కడం, శాన్ ఫ్రాన్సిస్కోలో అదే సోమవారం రాత్రి 9:30కి దిగడం. కింద పదిహేడున్నర గంటలు అని రాసి సున్నా చుట్టాడు. దుబాయ్‌లో కాసేపు ఆగుతుందన్నాడు.

అవి రెండు ఊళ్ళ గడియారాలు. కాలిఫోర్నియా మార్చి నుంచి నవంబరు దాకా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అది కలిపితే 30 గంటలు. దుబాయ్‌కి 4, అక్కడ కూర్చోవడం 10, అక్కడి నుంచి 16. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళికి 3 గంటల రోడ్డు కాబట్టి ఆదివారం రాత్రి 10కే ఇల్లు వదిలాం, అది వేరే.

అమ్మ రెండు పూటల మాత్రలే చేతిసంచిలో పెట్టుకుంది. మిగతావి పెద్ద పెట్టెలో పోయాయి. దుబాయ్‌లో పక్కన కూర్చున్న ఒక తెలుగు అబ్బాయి ఫోన్‌లోంచి నాతో మాట్లాడింది. "నాయనా, నా వాచీలో మధ్యాహ్నం రెండయింది, ఇంకా ఎక్కించలేదు. మాత్ర ఇప్పుడు వేసుకునేదా, రాత్రికి దాచుకునేదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

నేరుగా షాపుకి పోయి కాగితం ముందు పెట్టాను. ఫోన్‌లోంచి తలెత్తలేదు. "అక్కడి టైమ్ వేరని చిన్నపిల్లోళ్ళకు కూడా తెలుసప్పా. ఇంజనీరువి, చూసుకోవద్దా? గాల్లో ఉండేది 20 గంటలే, మిగతాది ఊరికే కూర్చోవడమే కదా" అన్నాడు. ఆమె కూర్చోలేదని చెప్పి మరీ డబ్బు కట్టిన నాతో! అక్కడున్న ఇద్దరు కస్టమర్ల ముందు నవ్వాడు కూడా. వీల్‌చైర్ పెట్టించమని రెండుసార్లు చెప్పాను, అదీ పెట్టించలేదు. దుబాయ్‌లో ఆ అబ్బాయే అడిగి తెప్పించాడు.

నేను చూసుకోవాల్సిందే, కాదనను. టికెట్‌లో మొత్తం సమయం రాసే ఉంది. అమ్మ విమానం ఎక్కాక గానీ నేనది తెరవలేదు. తలచుకుంటే అన్నం దిగడం లేదు. కానీ అతను తెలియక చేశాడంటే ఒప్పుకోను. తిరుగు ప్రయాణానికి గంటలు రాయలేదు. అటునుంచి వచ్చేటప్పుడు గడియారాల లెక్క అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది కదా, అందుకే.

బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాదాపు 14,000 కిలోమీటర్లు. విమానం పోయేది గంటకు 900 దాకా. 2021 జనవరిలో మొదలైన డైరెక్ట్ విమానానికే 16, 17 గంటలు పట్టేది. మధ్యలో దిగి ఎక్కితే పదిహేడున్నర ఎట్లా అవుతుంది? టికెట్ మీద మొత్తం సమయం మీరే చూడండి. నవంబరు నుంచి మార్చి దాకా తేడా పదమూడున్నర గంటలు. మందులన్నీ చేతిసంచిలోనే పెట్టండి.

అమ్మ చేరింది. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదని చెల్లెలు చెప్పింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది, ఫోటో కావాలంటే అడగండి, పంపిస్తాను.